ఫ్యాన్ థీమ్‌లు పోల్చి వినడం, 4వ పాఠం: ముందు సౌండ్ సమానం చెయ్యండబ్బా

ఈ పాఠంలో తాళం గురించి చెప్తానని పోయినసారి మాటిచ్చాను. చెప్పడం లేదు. మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్యాన్ థీమ్ అంటే నచ్చిన పాత్రకు అభిమానులే కట్టుకునే పాట. 3వ పాఠంలో జపాన్ యానిమేషన్ సీరియల్ 'నరుటో'లోని ఇటాచికి మన పిల్లలు ఇద్దరు కట్టిన థీమ్‌లు ఇచ్చాను. ఎ కావలి అబ్బాయిది. వేణువు, దాని కింద సన్నగా వయొలిన్లు, అంతే. బి మా వీధి అబ్బాయిది. డ్రమ్స్, కోరస్, మధ్యలో గిటార్ అరుపు. రెండూ ఫోన్‌లో చేసినవే. ఒకే మనిషిని ఇద్దరు ఎలా ఊహించుకున్నారో పది వాక్యాల్లో రాయమన్నాను. తమ్ముణ్ణి ఒక్కణ్ణే వదిలి వంశాన్నంతా చంపినవాడు, ఎందుకు చంపాడో కడదాకా దాచినవాడు ఇటాచి. (ఇంకా చూడలేదని తిట్టుకునేవాళ్లకు ఒక మాట: ఆ సీరియల్ రెండో భాగం 'షిప్పూడెన్' 2007లో మొదలైంది. నేనేం చెయ్యను?) అలాంటివాడి మీద పది వాక్యాలు చాలవని గొడవ చేస్తారనుకున్నా.

నలుగురు తప్ప అందరూ ఒకటే మాట రాశారు. "బి బాగుంది సార్." ఎందుకయ్యా అంటే, "ఫీల్ ఉంది", "క్లియర్‌గా ఉంది", "గూస్‌బంప్స్". ఒంగోలు నుంచి ఒకాయన "ఎ లో దమ్ము లేదు" అని నాలుగే పదాల్లో తేల్చేశాడు.

అనుమానమొచ్చి రెండు ఫైళ్లూ కంప్యూటర్‌లో వేసి చూశా. ఎ కంటే బి సౌండు ఐదు డెసిబెల్స్ (సౌండుకు కొలత) ఎక్కువ. పంపేముందు నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. పెళ్లి ప్రోగ్రామ్‌లో కీబోర్డు వాయించి తెల్లారుజామున ఇంటికొచ్చి, నిద్రమత్తులో పంపిన పాఠం అది. సగం తప్పు నాది. మిగతా సగం మీది, ఎందుకంటే బి వాల్యూమ్ కాస్త తగ్గించి మళ్లీ విన్నట్టు ఒక్కరి జవాబులోనూ కనపడలేదు.

డాబా మీద పరీక్ష

ఆదివారం సాయంత్రం బాలాజీనగర్‌లో మా డాబా మీద క్లాసు. పిల్లలు ఏడుగురు వచ్చారు. "ఇటాచికి ఇంకో రెండు థీమ్‌లు వచ్చినాయి, వినండి" అని సి, డి అని పేర్లు చెప్పి ఒకదాని తర్వాత ఒకటి వినిపించా. నిజానికి రెండూ పాత ఎ నే. డి ని రెండు డెసిబెల్స్ పెంచానంతే.

"డి లో ఫ్లూట్ నిజమైన ఫ్లూట్ మాదిరి ఉందన్నా" అన్నాడొకడు.

"సి చేసినోడు ఫోన్ స్పీకర్లో వింటా చేసినట్టుండాడు."

"డి లో రెవర్బ్ బాగా పడింది." (రెవర్బ్ అంటే ప్రతిధ్వని.)

వెనక పిట్టగోడ మీద కూర్చున్న పదో తరగతి అమ్మాయి మాత్రం మొహం చిట్లించింది. "రెండూ ఒకటే కదన్నా? రెండో లైను చివర, ఊపిరి తీసుకునే ముందు, టక్‌మని ఒక శబ్దం ఉంది. రెండిట్లోనూ ఉంది."

ఆ 'టక్' కావలి అబ్బాయి ఎడిటింగ్‌లో మిగిలిపోయిన అతుకు. ఇన్నాళ్లుగా ఆ ఫైలు నా దగ్గరే ఉంది, నేనే గమనించలేదు. ఆ అమ్మాయి పాటంతటినీ కలిపి మార్కులెయ్యలేదు, ఒకచోట చెవి ఆనించి నిలబడింది. ఆ సంగతికి మళ్లీ వస్తా.

ఏడుగురిలో ఒక్కరు కూడా "డి గట్టిగా ఉంది" అనలేదు చూడండి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సౌండు బాగా తేడా ఉంటే ఎవరైనా పట్టేస్తారు, "అది పెంచావు గదా" అంటారు. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉంటే చెవి దాన్ని సౌండని చెప్పదు. ఫీల్ అని చెప్తుంది, క్లారిటీ అని చెప్తుంది, చివరికి లేని రెవర్బ్ ఉందని కూడా చెప్తుంది.

ఇది మన అజ్ఞానం కాదు, చెవి తీరే అంత. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దీన్ని కొలిచి గీతలు గీశారు. సౌండు తక్కువగా ఉన్నప్పుడు కింది స్వరాలు మన చెవికి సరిగా ఆనవు. సౌండు పెంచేకొద్దీ అవి మిగతావాటికంటే త్వరగా పైకి లేస్తాయి. అందుకే కాస్త పెంచిన పాట కాస్త నిండుగా అనిపిస్తుంది. చవితికి ఒకే వీధిలో రెండు పందిళ్లు పడితే ఏమవుతుందో చూశారుగా. ఈ పందిట్లో బాక్సు పెంచుతారు, ఆ పందిట్లో ఇంకోటి తెస్తారు. జనం ఎటు పోయారంటే పాట బాగున్న వైపుకని చెప్పగలమా?

అందుకని పోలికలో మొదటి పని వినడం కాదు, సౌండు సమానం చెయ్యడం. ఎప్పుడూ గట్టిగా ఉన్నదాన్నే తగ్గించండి. మెల్లగా ఉన్నదాన్ని పెంచితే పగిలిపోయే ప్రమాదం ఉంది.

"నేను నార్మలైజ్ చేశాను సార్" అని ముగ్గురు రాశారు. అబ్బయా, అది వేరే. ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో 'నార్మలైజ్' అని ఒకటుంది, 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్' అని ఇంకోటుంది. మొదటిది పాట మొత్తంలో అన్నిటికంటే పైకి లేచిన ఒక్క శిఖరాన్ని చూసుకుని దాన్ని సరిచేస్తుంది. ఇద్దరు మనుషుల ఎత్తు సమానం చేస్తే బరువులు సమానమవుతాయా? ఎ లో వేణువు ఒక్కసారి గట్టిగా పైషడ్జం పట్టుకుంది, మిగతా పాటంతా నెమ్మది. ఆ ఒక్క శిఖరం వల్ల ఎ ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. బి లో డ్రమ్స్, కోరస్, గిటార్ అన్నీ కలిపి నొక్కిపెట్టి మొదటినుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఉన్నాయి. రెంటి శిఖరాలూ సమానమే, బి బరువు మాత్రం చాలా ఎక్కువ. తెరమీద గీతలు చూస్తే ఎ ముళ్లకంపలా, బి ఇటుకలా కనిపిస్తుంది. ఇటుక కనపడిందంటే జాగ్రత్తపడండి. మీకు కావాల్సింది రెండో ఆప్షన్. రెండు ఫైళ్లకూ ఒకే అంకె ఇవ్వాలి. నేను మైనస్ 20 ఎల్‌యూఎఫ్‌ఎస్ పెడతా. (అది పాట మొత్తం మీద చెవికి తగిలే సగటు సౌండు కొలత.) ఆ అంకేం శాస్త్రం కాదు, నా అలవాటు. మీరు మైనస్ 23 పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు, రెండిటికీ అదే పెట్టండి చాలు.

"యూట్యూబే సమానం చేస్తుంది కదా" అని ఇంకొకరు. సగమే చేస్తుంది. మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్నవాటిని పెంచదు. వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. అందులో 'కంటెంట్ లౌడ్‌నెస్' అని ఒక అంకె ఉంటుంది. ఒకదానికి మైనస్ 6, ఇంకోదానికి ప్లస్ 3 ఉందనుకోండి, ప్లస్‌ది తగ్గిస్తారు, మైనస్‌ది ఆరు తక్కువగానే వినపడుతుంది. ఫ్యాన్స్ చేసినవాటిలో ఈ మైనస్‌లు ఎక్కువ, పాపం వాళ్లకు ఎవరూ చెప్పరు.

కంప్యూటర్ లేదా? ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్‌లో రెంటినీ రెండు ట్రాకుల మీద వేసి, గట్టిగా ఉన్నదాని ఫేడర్ (సౌండు మీట) దించుకోండి. ఫోను పక్కనుండే వాల్యూమ్ బటన్‌తో చెయ్యబోకండి, అది ఒక్కో మెట్టుకు మరీ ఎక్కువ దూకుతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నాది ఒక నాటు పద్ధతి: ఫోను గదిలో పెట్టి, తలుపు ఓరగా వేసి, వంటింట్లోకి పోయి వినండి. అక్కణ్నుంచి రెండు పాటల వరసా ఒకే తీరుగా అందుతుంటే సమానమైనట్టే.

అల్లూరు వైపు నుంచి రాసిన అబ్బాయికి విడిగా చెప్పాలి. "ఎ లో అసలు బేస్ లేదు" అన్నాడు. ఎక్కడ విన్నావంటే, రాత్రి రొయ్యల గుంట కాడ, మేత వేసే టైముకు. నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు నాలుగు తిరుగుతుంటే ఆ గురగుర కింది స్వరాలన్నిటినీ మింగేస్తుంది. బి లో డ్రమ్ దాన్ని చీల్చుకుని వచ్చింది, ఎ లో వయొలిన్లు రాలేదు. గుంట కాడ హాయిగా పాటలు విను. తీర్పు మాత్రం ఇంటికొచ్చాక రాయి.

"రెండూ హిందోళమే, కాపీ"

రెండో గొడవ. కొంచెం సంగీతం వచ్చినవాళ్లు చేసింది ఇది. వరస వినగానే రాగం పేరు చెప్పి చేతులు దులుపుకున్నారు. అందులో పేరు తప్పు, కాపీ అన్నది కూడా తప్పే.

కీబోర్డు ముందు కూర్చోండి. నల్ల మెట్లు మాత్రమే వాయించండి, ఒక్కో స్థాయిలో ఐదే ఉంటాయి. మూడు కలిసున్న గుంపులో మొదటి నల్లమెట్టును షడ్జం (స) అనుకుంటే మోహన రాగం. అదే ఐదు మెట్లు, ఆ గుంపులో రెండోదాన్ని షడ్జం చేస్తే మధ్యమావతి, మూడోదాన్ని చేస్తే హిందోళం. రెండు కలిసున్న గుంపులో మొదటిది శుద్ధసావేరి, రెండోది ఉదయరవిచంద్రిక. మెట్లు మారలేదు, ఇల్లు మారింది. మనవాళ్లు దీన్నే గ్రహభేదం అంటారు.

ఇటాచి థీమ్‌లు రెంటిలో వాడినవి ఈ మెట్లు కావు. కోటో, షామిసెన్ వాద్యాల్లో వినపడే 'మియాకో-బుషి' అనే జపాన్ వరస. కీబోర్డు మీది సి మెట్టును (డాబా మీద పెట్టిన సి పాట కాదు) షడ్జం చేసుకుంటే మన లెక్కలో స, శుద్ధ రి, శుద్ధ మ, ప, శుద్ధ ద. ఎ అక్కడే ఆగుతుంది: ప్రతి లైనూ శుద్ధ రిషభం మీద కాసేపు వేలాడి, ఒక్క అరమెట్టు జారి షడ్జం మీద పడుతుంది. బి అవే ఐదు స్వరాలు తీసుకుని ఎఫ్ మెట్టు దగ్గర ఇల్లు కట్టుకుంది. అప్పుడు అది స, చతుశ్రుతి రి, సాధారణ గ, ప, శుద్ధ ద అవుతుంది. ఎడమచేత్తో సి నొక్కిపెట్టి ఆ ఐదూ వాయించండి, తర్వాత ఎఫ్ నొక్కిపెట్టి అవే వాయించండి. మొదటిది లోపల ఏదో దాచుకున్న మనిషి. రెండోది కూర్చుని ఏడుస్తున్న మనిషి. కావలి అబ్బాయికి ఇటాచి రహస్యం కనపడింది, మా వీధి వాడికి ఇటాచి దుఃఖం కనపడింది. నేను రాయమన్న పోలిక ఇదే. కాపీ ఎక్కడుంది ఇందులో?

ఇద్దరిలో ఎవరు బాగా చేశారని అడుగుతారు. సౌండు సమానం చేశాక నా ఓటు ఎ కి. బి లో ఆ గిటార్ నాకు పడదు, ఇది నా రోగం, మీరు పట్టించుకోబళ్లేదు.

ఒకరు "ఎ లో తకనాషి టచ్ లేదు" అన్నారు. నిజమే, లేదు. యసుహారు తకనాషి 'షిప్పూడెన్'కు సంగీతం చేసినాయన, అంతకుముందు 2002లో మొదలైన 'నరుటో'కు తోషియో మసుదా చేశారు. ఒరిజినల్ ఎవరిదో తెలిసుండటం మంచిదే. ఫ్యాన్ థీమ్‌ను దానితో తూచకండి, ఇద్దరు ఫ్యాన్స్‌ను ఒకరితో ఒకరిని తూచండి.

వేగం, వాద్యాలు, పాట ఎన్ని నిమిషాలు అన్నవి నేను చెప్పను. అవి ఎవరికైనా వినపడతాయి.

పిట్టగోడ అమ్మాయి రాసింది

'టక్' పట్టుకున్న అమ్మాయి 'డీమన్ స్లేయర్' అనే ఇంకో సీరియల్‌లోని నెజుకోకు మా క్లాసువాళ్లు చేసిన రెండు థీమ్‌ల మీద రాసింది. దానిలో కొంత ఇక్కడ పెడుతున్నా, చూసి నేర్చుకోండి.

"మొదటిదాంట్లో మాటల్లేవు, నోరు మూసుకుని ముక్కుతో 'మ్' అని పాడారు. నెజుకో నోట్లో వెదురు ఉంటుంది కదా, అందుకని. చివరి లైనులో మాత్రం ఒకే ఒక్కసారి 'ఆ' అని నోరు తెరిచారు. రెండోదాంట్లో జోలపాట లాగా మొదలై, కొట్లాట రాగానే పెద్ద డ్రమ్స్. రెండోది ఎపిసోడ్‌లో ఏం జరిగిందో చెప్తుంది. మొదటిది ఆ పిల్ల ఎలా ఉందో చెప్తుంది."

అంతే. 'ఫీల్' అనే మాటే లేదు. 2023లో వచ్చిన భాగం చివర నెజుకో మాట్లాడుతుంది. ఆ 'ఆ' అక్కడిదేనని చూసినవాళ్లకు తట్టాలి. చేసినవాణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రికార్డు చేసేటప్పుడు వాళ్లక్క ఆవలించిందని తర్వాత తెలిసింది. అయినా నేను మార్కులు తగ్గించలేదు.

అభ్యాసం

ఈసారి 'వన్ పీస్' సీరియల్‌లోని జోరోకు రెండు థీమ్‌లు పంపుతున్నా. మూడు కత్తుల మనిషి, అందులో ఒకటి నోట్లో, దారి మాత్రం ఎప్పుడూ తప్పుతాడు. కావాలనే సౌండు సమానం చెయ్యకుండా పంపుతున్నా. ఏది గట్టిదో చెప్పను.

మూడు రోజులు తీసుకోండి. మొదటి రోజు సమానం చెయ్యడం తప్ప ఇంకేం వద్దు. రెండో రోజు ఒక్కోదాన్ని నాలుగుసార్లు వినండి, ఒకసారి వంటింట్లోంచి, ఒకసారి కళ్లు మూసుకుని. వీడియో పెట్టుకోవద్దు, జోరో బొమ్మ కనపడితే చెవి పని మానేస్తుంది. పాట ఆగిన ప్రతిచోటా అక్కడి స్వరాన్ని నోటితో పట్టుకుని కీబోర్డు మీద వెతకండి. మూడో రోజు ఇంట్లో ఎవరినైనా పిలిచి, ఏది ఎప్పుడు పెడుతున్నారో మీకు చెప్పకుండా వాయించమనండి. అమ్మ అయితే మంచిది, ఆమెకు జోరో ఎవరో తెలీదు.

తర్వాత పది వాక్యాలు. ఫీల్, క్లియర్, దమ్ము, లెవెల్, గూస్‌బంప్స్, ఈ ఐదూ వాడకూడదు. మొదటి లైనులో దేన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గించారో ఉండాలి. అది లేకపోతే రెండో లైను చదవను.