యాక్సెస్ ఫారంలో స్పెల్ చెక్ బటన్ పెట్టడం ఎలా?

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ. మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌లోనే నడుస్తోందనుకుందాం. రిమార్క్స్ గడిలో మాయిశ్చర్ అనే మాట ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని తలా ఒక రకంగా కొడితే, రేపు తేమ ఉన్న లాట్లు వెతికినప్పుడు కొన్ని దొరకనే దొరకవు.

వర్డ్‌లోలాగా యాక్సెస్ ఫారంలో తప్పు పదం కింద ఎర్ర గీత పడదు. ఎఫ్7 నొక్కితే స్పెల్లింగ్ చూస్తుంది, నిజమే. కానీ గడిలో మాటలు సెలెక్ట్ చేయకుండా నొక్కితే పాత రికార్డులన్నీ తిరగేస్తూ కూర్చుంటుంది. అందుకే ఒక్క రిమార్క్స్‌నే చూసే బటన్ పెట్టుకుందాం.

ఫారాన్ని డిజైన్ వ్యూలో తెరిచి బటన్ గీయండి. విజార్డ్ వస్తే క్యాన్సిల్ కొట్టండి. ప్రాపర్టీ షీట్‌లో ఈవెంట్ ట్యాబ్‌కి వెళ్లి, ఆన్ క్లిక్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి మ్యాక్రో బిల్డర్ ఎంచుకోండి. పైన షో ఆల్ యాక్షన్స్ కూడా నొక్కండి, లేకపోతే మనకు కావలసిన సెట్‌వార్నింగ్స్ కనిపించదు.

ముందు ఒక ఇఫ్ (షరతు) పెట్టి, రిమార్క్స్ ఖాళీగా లేకపోతేనే ముందుకెళ్లమనండి. దాని లోపల గోటూకంట్రోల్ వేసి గడి పేరు ఇవ్వండి. మామూలు సెట్టింగ్‌లో గడిలోకి వెళ్లగానే అందులోని మాటలన్నీ సెలెక్ట్ అవుతాయి, మనకు కావలసిందీ అదే. తర్వాత సెట్‌వార్నింగ్స్‌కి నో ఇవ్వండి. దీంతో చెకింగ్ అయిపోయిందంటూ ప్రతిసారీ వచ్చే మెసేజ్ గోల ఉండదు. చివరగా రన్‌మెనూకమాండ్ వేసి స్పెల్లింగ్ ఎంచుకుని, సేవ్ చేయండి.

బటన్ నొక్కినా ఒక్క తప్పూ పట్టుకోలేదా? క్యాప్స్ లాక్ చూడండి. అన్నీ పెద్దక్షరాల్లో కొట్టే అలవాటు మన ఆపరేటర్లలో చాలామందికి ఉంటుంది. పెద్దక్షరాల పదాలను వదిలేయమనే సెట్టింగ్ ఒకటి ఆఫీస్‌లో ఉంటుంది. ఆప్షన్స్‌లో ప్రూఫింగ్‌కి వెళ్లి దానికి టిక్ ఉంటే తీసేయండి.

రైతు పేరు, ఊరు, రకం గడులకు మాత్రం స్పెల్ చెక్ పెట్టొద్దు. తేజ, సన్నం, ఫిరంగిపురం అన్నీ దానికి తప్పుల్లాగే కనిపిస్తాయి. ఊరికీ రకానికీ కాంబో బాక్స్ (జాబితాలోంచి ఎంచుకునే గడి) పెట్టి, లిమిట్ టు లిస్ట్‌కి యస్ ఇస్తే తప్పు పడే అవకాశమే ఉండదు. రిమార్క్స్‌లో తరచూ వచ్చే ఇలాంటి మాటలను యాడ్ నొక్కి డిక్షనరీలో చేర్చుకోండి. ఆ డిక్షనరీ సాధారణంగా ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి పక్క సీటు సిస్టమ్‌లో మళ్లీ చేర్చుకోవాలి.