పీఎంపీ పరీక్షకు ప్రిపేర్ అవ్వడం ఎలా? ముందు సైటు బుద్ధి మానండి

పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్, ప్రాజెక్టులు నడిపేవాళ్లకు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్. ముందు దాని అప్లికేషన్ సంగతి త్వరగా ముగిద్దాం. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు ఉండాలి, దాంతోపాటు 35 గంటల శిక్షణ. శిక్షణ ఆన్‌లైన్‌లో చాలు. దానికోసం నెల్లూరు నుంచి హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో పడుండడం దండగ. అప్లికేషన్‌లో రాసింది నిజమేనా అని ఆడిట్ వస్తే పాత మేనేజర్లు సంతకం పెట్టాలి కాబట్టి, వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. మా మేనేజరు ఉద్యోగం మారి దుబాయ్‌లో ఉన్నాడని అప్పుడు తెలిసింది.

ఫార్ములాలు ఒక్క ఆదివారం పని. సీపీఐ (ఖర్చు ఎలా నడుస్తోందో చెప్పే అంకె) 1 కంటే తగ్గితే ఖర్చు మించుతోంది, ఎస్‌పీఐ (పని గడువు ప్రకారం సాగుతోందా అని చెప్పే అంకె) 1 కంటే తగ్గితే పని వెనకబడింది. వీటిని రాత్రంతా బట్టీ పట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అసలు చిక్కు సందర్భం ఇచ్చి అడిగే ప్రశ్నల్లో ఉంది. కృష్ణపట్నం, రామాయపట్నం పోర్టుల్లో ఏళ్ల తరబడి పని చేయించినవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. ఉదాహరణకు, ఒంగోలు దగ్గర రొయ్యల ప్లాంటు కడుతున్నారు. గోడలు లేచాక ఓనరు వచ్చి ఇంకో కోల్డ్ స్టోరేజీ గది కావాలన్నాడు. మీరు ముందుగా ఏం చేస్తారు?

మన సైటు మనిషి "అట్నే సార్" అని మేస్త్రీకి ఫోన్ కొడతాడు. లేదంటే కుదరదని మొహం మీదే చెప్తాడు. అదీ కాకపోతే బాస్ దగ్గరికి పరిగెత్తుతాడు. పరీక్షలో మూడూ తప్పే. ఆ గది వల్ల గడువు, ఖర్చు ఎంత మారతాయో ముందు లెక్కగట్టాలి. ఆ తర్వాత మార్పు కోరుతూ రిక్వెస్ట్, దానికి ఆమోదం, అప్పుడు పని.

జాగ్రత్త, నాలుగు ఆప్షన్లూ ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సిన పనులే అయి ఉండొచ్చు. అడిగింది 'ముందుగా' అనా, 'తర్వాత' అనా చూడండి. ఇంకో మెలిక ఉంది. ప్రాజెక్టు ఎజైల్ పద్ధతిలో, అంటే పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకుంటూ, నడుస్తుంటే ఆ కొత్త కోరిక ప్రోడక్ట్ ఓనర్ (ఏ పని ముందో నిర్ణయించే మనిషి) దగ్గరికి పోతుంది, బ్యాక్‌లాగ్‌లో, అంటే చేయాల్సిన పనుల జాబితాలో, దాని వరుస ఆయనే తేలుస్తాడు. అందుకే పద్ధతి ఏదో తేల్చుకోకుండా ఆప్షన్లు చదవొద్దు.

మాక్ టెస్టులు పది రాశామని గొప్పలు చెప్పుకునేవాళ్లున్నారు. మూడు చాలు. కానీ తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణం నోటుబుక్కులో ఒక్క లైను రాయాలి: "బాస్ దగ్గరికి పరిగెత్తాను", "లెక్క చూడకుండా ఒప్పుకున్నాను". వారం తిరిగేసరికి మీ జబ్బేదో మీకే తెలుస్తుంది. నాది మొదటిదే.

2021లో వచ్చిన పద్ధతిలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. 60 ప్రశ్నలకో బ్రేక్ ఇస్తారు. బ్రేక్ తీసుకున్నాక పాత ప్రశ్నల జోలికి వెళ్లలేరు, అనుమానాలన్నీ దానికి ముందే తీర్చుకోండి.

ఇంటి నుంచి కూడా రాయొచ్చు గానీ, వద్దు. పరీక్ష జరుగుతుండగా గదిలోకి ఎవరూ రాకూడదు. మా ఇంట్లో తలుపేస్తే ఇంకా గట్టిగా కొడతారు. పరీక్షా కేంద్రానికే వెళ్లండి, నెల్లూరు నుంచి చెన్నై ఎంత దూరమని? ముందురోజు సాయంత్రమే రైలెక్కండి. ఎక్కేముందు గుర్తింపు కార్డులో ఇంటిపేరు, అప్లికేషన్‌లో ఇంటిపేరు ఒక్కటిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉంటే రైలెక్కే రోజు కాదు, నెల ముందే సరిచేయించుకోండి.