గ్రామసభకు, అడవికి, శాంతికి దాతృత్వ నిధులు కోరడం ఎలా? తెలుగు రాష్ట్రాల చిన్న సంస్థలకు మార్గదర్శిని

ప్రజాస్వామ్యం, శాంతి, పర్యావరణ పరిరక్షణ అనే మూడు లక్ష్యాలు పెద్ద దాతృత్వ సంస్థల ప్రకటనల్లో తరచూ పక్కపక్కనే కనిపిస్తాయి. 1940లో అమెరికాలో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ బ్రదర్స్ ఫండ్ తన గ్రాంట్లను దాదాపు ఇదే విభజనతో ఇస్తుంది. ఫోర్డ్ ఫౌండేషన్ 1952లోనే ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. అయితే పాడేరులోనో ఉట్నూరులోనో పనిచేసే చిన్న సంస్థకు ఈ పేర్లు తెలిసినంత మాత్రాన ఒరిగేది తక్కువ. డబ్బు ఎవరిది, అది ఏ చట్టం కింద తమ ఖాతాలోకి వస్తుంది అన్నది తేల్చుకోకుండా ప్రతిపాదన రాయడానికి కూర్చునే సంస్థలకు, దాత ఒప్పుకున్న తర్వాత కూడా డబ్బు తీసుకునే దారి ఉండదు. అందుకే ముందు చట్టం గురించి, ఆ తర్వాత ప్రతిపాదన గురించి చెప్పుకోవాలి.

విదేశీ దాత నుంచి నిధులు తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అని పిలిచే చట్టం కింద కేంద్ర హోంశాఖ వద్ద నమోదు ఉండాలి. నమోదుకు అర్హత రావాలంటే సంస్థ ఏర్పడి కనీసం 3 సంవత్సరాలు కావాలి, గత 3 ఆర్థిక సంవత్సరాల్లో తన ప్రధాన కార్యక్రమాలపై కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. అంత చరిత్ర లేని సంస్థ ఒక నిర్దిష్ట దాత నుంచి, నిర్దిష్ట పనికి, నిర్దిష్ట మొత్తానికి ముందస్తు అనుమతి కోరవచ్చు. దానికి ఆ దాత ఇచ్చే హామీ లేఖ తప్పనిసరి. డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అక్కడి నుంచి ఖర్చుల కోసం మీ ఊరి బ్యాంకులోని ఖాతాకు మార్చుకోవచ్చు.

2020లో ఈ చట్టానికి జరిగిన సవరణ చిన్న సంస్థలను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసిందని నా అభిప్రాయం. అంతకు ముందు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పెద్ద సంస్థ విదేశీ గ్రాంటు తీసుకుని, అందులో కొంత భాగాన్ని నమోదు ఉన్న చిన్న సంస్థలకు పంచే పద్ధతి ఉండేది. ఇప్పుడు రెండు సంస్థలకూ నమోదు ఉన్నా సరే, ఒకరి విదేశీ నిధిని మరొకరికి బదిలీ చేయడం నిషిద్ధం. కాబట్టి “పెద్ద సంస్థ ద్వారా ఇప్పిస్తాం” అని ఎవరైనా మాట ఇస్తే, అది స్వదేశీ డబ్బా, విదేశీ డబ్బా అని రాతపూర్వకంగా అడగండి. అదే సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది.

ప్రవాస తెలుగువారి విరాళాల విషయంలో గందరగోళం ఎక్కువ. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్నా భారత పౌరసత్వం కొనసాగుతున్న వ్యక్తి తన సొంత పొదుపు నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అదే వ్యక్తి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, పుట్టింది మీ ఊళ్లోనే అయినా, ఆ డబ్బు విదేశీ విరాళమే అవుతుంది. ఊరి మనిషి కదా అని మొహమాటపడకుండా పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం ఇద్దరికీ మేలు. ఇక ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు, ప్రపంచ బ్యాంకు ఈ చట్టం దృష్టిలో విదేశీ వనరులు కావు. 2005లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి పౌరసమాజ సంస్థల నుంచే ప్రతిపాదనలు కోరుతుంది కాబట్టి, దాని ప్రకటనలను గమనిస్తూ ఉండటం మంచిది.

స్వదేశీ నిధుల్లో ఎక్కువమందికి తెలిసింది కంపెనీల సామాజిక బాధ్యత నిధి, అంటే సీఎస్‌ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ తన సగటు లాభంలో 2 శాతం ఇందుకు వెచ్చించాలి. ఆ చట్టంలోని 7వ షెడ్యూలులో పర్యావరణం, గ్రామీణాభివృద్ధి ఉన్నాయి గాని, ప్రజాస్వామ్యమనే పద్దు లేదు. చెరువు పూడికతీతకు, ఊరి విత్తన బ్యాంకుకు కంపెనీని అడగండి. గ్రామసభలను నిలబెట్టే పనికి రోహిణీ నీలేకని ఫిలాంత్రపీస్, నేషనల్ ఫౌండేషన్ ఫర్ ఇండియా వంటి భారతీయ దాతృత్వ సంస్థలను చూడండి. ఎవరిని అడిగినా 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) అని పిలిచే ఆదాయపు పన్ను నమోదులు, స్వచ్ఛంద సంస్థల వివరాలు నమోదు చేసే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లోని గుర్తింపు సంఖ్య, 3 ఏళ్ల ఆడిట్ నివేదికలు చేతిలో ఉండాలి. సీఎస్‌ఆర్ కోసమైతే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్‌ఆర్-1 ఫారంతో చేసుకునే నమోదు కూడా కావాలి.

కాగితాలు కుదిరిన తర్వాత పని గురించి రాయాలి. మొదట రెండు మూడు పేజీల కాన్సెప్ట్ నోట్, అంటే పని ఆలోచనను క్లుప్తంగా చెప్పే పత్రం పంపి, దాత ఆసక్తి చూపితేనే పూర్తి ప్రతిపాదన రాయడం వల్ల శ్రమ ఆదా అవుతుంది. “ప్రజాస్వామ్యాన్ని బలోపేతం చేస్తాం” అనే వాక్యాన్ని దాత ఇప్పటికే ఎన్నో దరఖాస్తుల్లో చదివి ఉంటారు. దానికి బదులు, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు కనీసం ఒకసారి గ్రామసభ జరగాలంటోంది, మేము ఎంచుకున్న పంచాయతీల్లో నిరుడు ఎన్ని జరిగాయి, ఎందరు మహిళలు హాజరయ్యారు, చేసిన తీర్మానాల్లో ఎన్ని అమలయ్యాయి అని రాయండి. ఈ వివరాలు పంచాయతీ మినిట్స్ పుస్తకంలో ఉంటాయి. చూపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. పని మొదలవకముందు ఉన్న స్థితి ఇలా నమోదైతేనే రెండేళ్ల తర్వాత మార్పును చూపించగలుగుతారు. ఏజెన్సీ ప్రాంతమైతే, షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 పెసా చట్టాన్ని, 2006 అటవీ హక్కుల చట్టాన్ని ఆధారం చేసుకోండి. ఊరి అడవిని ఊరే కాపాడుకుని నిర్వహించుకునే సామూహిక అటవీ వనరుల హక్కు కోసం ‘సి’ ఫారంతో దావా వేయడానికి గ్రామసభకు తోడ్పడటం ప్రజాస్వామ్యం, పర్యావరణం రెండింటి కిందికీ వచ్చే పని.

రాజకీయ స్వభావం గల సంస్థలు విదేశీ విరాళం తీసుకోరాదని చట్టం చెబుతుంది. ప్రజా ప్రయోజనం కోసం బంద్, రాస్తారోకో వంటి పద్ధతుల్లో నిరసనకు మద్దతిచ్చినంత మాత్రాన, రాజకీయ లక్ష్యం లేని సంస్థను ఆ గాటన కట్టరాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం కేసులో తీర్పు ఇచ్చింది. అయినా జాగ్రత్త అవసరమే. ఓటరు చైతన్య సదస్సు వేదికపై అభ్యర్థులను కూర్చోబెట్టవద్దు. కార్యవర్గ సభ్యులెవరైనా ఎన్నికల్లో నిలబడదలచుకుంటే నామినేషన్‌కు ముందే రాజీనామా తీసుకుని తీర్మానంలో నమోదు చేయండి.

శాంతి పనికి నిధులు అడగడం వీటన్నిటికంటే కష్టం. 1997లో విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నేతృత్వంలో మొదలైన పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి ప్రభుత్వంతోను, నక్సలైట్లతోను మాట్లాడుతూ వచ్చిన తర్వాతే 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి. ఆ చర్చలూ నిలవలేదు. అటువంటి ప్రయత్నాన్ని పన్నెండు నెలల ప్రాజెక్టుగా రాసి, చివర శాంతి నెలకొంటుందని మాట ఇస్తే అది నిజాయితీ కాదు. ఎవరితో మాట్లాడతారు, ఇరుపక్షాలూ మిమ్మల్ని ఎందుకు నమ్ముతాయి, చర్చ ఆగిపోతే ఏం చేస్తారు అన్నవి రాసి, కనీసం మూడేళ్ల గ్రాంటు అడగండి. తక్కువ కాలానికే ఇస్తామంటే పని పరిధిని కుదించి చెప్పండి.

బడ్జెట్‌లో జీతాలను దాచవద్దు. మండల స్థాయి కార్యకర్తకు బతకగలిగేంత జీతం వేయకుండా కరపత్రాలకు, శిక్షణ శిబిరాల భోజనాలకు మాత్రమే డబ్బు అడిగే ప్రతిపాదనలు పైకి పొదుపుగా కనిపిస్తాయి గాని, ఆరు నెలలు తిరిగేసరికి కార్యకర్త వేరే ఉద్యోగం చూసుకుంటాడు. అద్దె, ఆడిట్ ఫీజు, ప్రయాణ ఖర్చు అన్నీ విడివిడిగా చూపి, ఏది పరిపాలనా ఖర్చో, ఏది కార్యక్రమపు ఖర్చో మీ సీఏతో ముందే నిర్ణయించుకోండి.

గ్రాంటు ఆగాక ఏమి మిగులుతుందని దాతలు తప్పక అడుగుతారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దీనికి మంచి ఉదాహరణ. చిరుధాన్యాల విత్తనాలు దాని గ్రామ సంఘాల్లోని మహిళల చేతుల్లోనే ఉన్నాయి. 2019లో ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మీ జవాబులోనూ విత్తనం, భూమి, రికార్డు, నైపుణ్యం వంటివి ఎవరి పేరిట ఉండబోతున్నాయో ఉండాలి.

డబ్బు వచ్చాక ఒక పద్దు నుంచి మరో పద్దుకు మార్చాలనుకుంటే ఖర్చుకు ముందే దాత నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. విదేశీ నిధి అయితే ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోపు, అంటే డిసెంబరు 31 నాటికి, విదేశీ నిధుల వార్షిక లెక్కలు చూపే ఎఫ్‌సీ-4 రిటర్ను దాఖలు చేయాలి. ఆ ఏడాది ఒక్క పైసా రాకపోయినా ‘నిల్’ రిటర్ను వేయాల్సిందే. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు 5 సంవత్సరాలకు మాత్రమే చెల్లుతుంది. గడువు దాటితే ఖాతాలో మిగిలిన విదేశీ నిధిని కూడా ఖర్చుపెట్టడానికి వీలుండదు కనుక, కనీసం నాలుగు నెలల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేయండి.