పిల్లల నొప్పికి విదేశీ సాయం: రాయగడలో ఉండి ఎలా అందుకోవాలి

ఫారిన్ సాయం అనగానే ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న మా రాయగడ వైపు అందరికీ ముందు గుర్తొచ్చేది డబ్బే. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా నన్ను వెతుక్కుంటూ ఇంటికొస్తారు. "అమెరికాలో ఏదో ట్రస్టు ఉందటగా సిస్టరమ్మా, మా గుంటడి గురించి ఓ ఉత్తరం రాసి పెట్టండి" అంటారు. వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ముందు చెప్పేది ఇదే: తగ్గని జబ్బున్న పిల్లలకు బయటి దేశాల నుంచి వచ్చే సాయంలో డబ్బు తక్కువ, తెలివిడి ఎక్కువ. ఈ బరువున్న పిల్లాడికి ఎంత మందు, ఎన్ని గంటలకోసారి, ఆయాసానికి ఏం చేయాలి, ముక్కులోంచి ట్యూబు వేసి పాలు పట్టేటప్పుడు ఏం చూసుకోవాలి, అక్కడి నుంచి వచ్చేవి ఇలాంటివి. అవి కూడా నేరుగా మన గుమ్మంలోకి రావు. ఇక్కడి డాక్టరు చేతుల మీదుగానే వస్తాయి. ఆ దారి సిద్ధం చేసుకోవడం మాత్రం మన పని.

ఇలా తగ్గని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. అది క్యాన్సర్ వాళ్లకే అనుకోకండి. మా గిరిజన ఊళ్లలో కనిపించే సికిల్ సెల్, తలసేమియా లాంటి రక్తం జబ్బులు, మెదడు దెబ్బతిని కదలికలు కుదరని సెరిబ్రల్ పాల్సీ, కండరాలు క్రమంగా చచ్చుబడే డుషేన్ మస్కులర్ డిస్ట్రఫీ, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, అన్నీ ఇందులోకి వస్తాయి. చివరి రోజులదాకా ఆగాల్సిన పని కూడా లేదు. జబ్బు బయటపడిన రోజు నుంచే, అసలు వైద్యం సాగుతుండగానే మొదలుపెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. "ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి" అని ఒక పెద్దాసుపత్రి పంపేసిన పిల్లాడి డిశ్చార్జి కాగితం నేను చూశాను. ఎముకలోకి పాకిన గడ్డకు అందులో రాసింది పారాసిటమాల్ ఒక్కటే. చదివి నాకు ఒళ్లు మండింది. చేయాల్సింది బోలెడు ఉంటుంది, చేసేవాళ్లెక్కడున్నారో తెలియాలి అంతే.

మనకు అందే దూరంలో పిల్లల కోసం ఈ పని గట్టిగా సాగుతున్నది హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో. అక్కడి పాలియేటివ్ విభాగాన్ని నిలబెట్టింది డాక్టర్ గాయత్రి పాలట్. వాళ్లకు కెనడాకు చెందిన టూ వరల్డ్స్ క్యాన్సర్ కొలాబరేషన్ అనే సంస్థ చాలాకాలంగా తోడుంది. ఆ దేశపు పిల్లల డాక్టర్లు, నర్సులు ఇక్కడికొచ్చి శిక్షణ ఇస్తారు, మిగతా రోజుల్లో వీడియోలో కలుస్తారు. ఈ వీడియో పద్ధతి పేరు ప్రాజెక్ట్ ఎకో. డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో మొదలుపెట్టారు. అక్కడ పల్లెల్లోని హెపటైటిస్ రోగులు పెద్దాసుపత్రికి రాలేకపోతుంటే, పల్లె డాక్టర్లకే ఆ వైద్యం నేర్పారు. ఇప్పుడు అదే పద్ధతిలో ఒక చిన్న ఊరి డాక్టరు ఓ పిల్లాడి కేసు చెబితే, హైదరాబాద్ వాళ్లు, కెనడా వాళ్లు, ఇతర ఆసుపత్రుల వాళ్లు కలిసి సలహా ఇస్తారు. పేరు, ఫొటో బయటపెట్టరు. వయసు, బరువు, జబ్బు, బాధ, వాడుతున్న మందులు, ఇంటి పరిస్థితి, ఇవే చెబుతారు.

తల్లిదండ్రులు ఒకటి అర్థం చేసుకోవాలి. ఆ మీటింగులో కేసు పెట్టేది డాక్టరో నర్సో, మనం కాదు. అందుకని మీ ఊళ్లో మీ ఫోను ఎత్తే డాక్టరు ఒకరుండాలి. పిల్లల స్పెషలిస్టే కానక్కర్లేదు, ఎంబీబీఎస్ చాలు. అందరి ముందూ "నాకిది తెలియదు, అడిగి చెబుతాను" అనగలిగే మనిషైతే మరీ మంచిది. అలాంటాయన దొరికితే, బిడ్డకు వైద్యం జరిగిన ఆసుపత్రి పాలియేటివ్ విభాగం నంబరు ఆయన చేతికివ్వండి. ఆ విభాగం వాళ్లను కూడా మొహమాటపడకుండా అడగండి: "మా ఊరి డాక్టరుతో మీరు మాట్లాడతారా? పిల్లల ఎకో మీటింగులో మా కేసు పెడతారా?" మా వాళ్లు ఎక్కువగా వెళ్లే విశాఖ హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ వాళ్లది. అది ఊళ్లో కాదు, గాజువాక దాటాక అగనంపూడిలో ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగిపోయి ఆటోవాళ్లతో బేరాలాడకండి.

ఇక ఫైలు. సరిహద్దు ఊళ్లవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ఒడియాలో 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది. మన వెంకటేషు బర్త్ సర్టిఫికెట్‌లో బెంకటేష్ అవుతాడు, ఆధార్‌లో ఇంకోలా ఉంటాడు, విశాఖ ఆసుపత్రి చీటీలో మళ్లీ వెంకటేష్ అవుతాడు. మూడు పేర్లు చూసి కౌంటరులో కుర్రాడు మనల్ని అనుమానంగా చూస్తాడు. జబ్బు బయటపడిన వారంలోనే ఆధార్, బర్త్ సర్టిఫికెట్, హెల్త్ కార్డు ఒకే స్పెల్లింగులోకి తెచ్చుకోండి. డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో అడిగి తీసుకోండి. బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీ, చివరి రక్తపరీక్ష, ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా, మొన్నటి బరువు, ఇవి ఫోనులో ఫొటోలుగా కూడా ఉండాలి. బరువు మరీ ముఖ్యం. పిల్లల మందు డోసు దాన్ని బట్టే కడతారు.

హెల్త్ కార్డు గురించి ఓ మాట. మన రేషన్ కార్డు ఒడిశాది, కాబట్టి ఆంధ్రా ఎన్టీఆర్ వైద్యసేవ మనకు చెల్లదు. 2025 నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు కార్డులు కలిపి ఇస్తున్నారు. విశాఖ వెళ్లేముందు ఆ ఆసుపత్రి మన కార్డు తీసుకుంటుందో లేదో ఫోను చేసి కనుక్కోండి.

ఫైలు కన్నా విలువైంది నొప్పి పుస్తకం. మాట రాని పిల్లల నొప్పి కొలవడానికి ప్రపంచమంతటా వాడే పద్ధతి ఒకటుంది, దాన్ని ఫ్లాక్ స్కేల్ అంటారు. ఐదు సంగతులు చూడాలి: మొహం, కాళ్లు, ఒళ్లు కదిలే తీరు, ఏడుపు, ఊరడిస్తే ఊరుకుంటున్నాడా లేదా. ఒక్కోదానికి 0, 1 లేదా 2 వేస్తారు. మామూలుగా ఉంటే సున్నా. అప్పుడప్పుడు మొహం చిట్లిస్తే 1, పళ్లు బిగించి గడ్డం వణికిస్తుంటే 2. కాళ్లు తన్నుకుంటున్నా, పైకి ముడుచుకున్నా 2. ఎత్తుకున్నా ఊరుకోకపోతే 2. మొత్తం పదికి లెక్క. నాలుగు నుంచి ఆరు దాకా మధ్యస్థం, ఏడు నుంచి పది దాకా తీవ్రం.

జేకే పేపరు మిల్లు దగ్గర ఓ ఇంట్లో తమ్ముడి కోసం ఈ పుస్తకం రాసింది ఎనిమిదో తరగతి చదివే అక్క. ఒడియా మీడియం పిల్ల, అంకెలన్నీ ఒడియాలో వేసింది. హైదరాబాద్ వాళ్లకు అర్థమయ్యేలా మామూలు అంకెలు వెయ్యమన్నాను. తర్వాతి పేజీ ఇలా ఉంది: "రాత్రి 2. మొహం 2, కాళ్లు 2, ఒళ్లు 1, ఏడుపు 1, ఊరడింపు 2. మొత్తం 8. 2-10కి మందు. 3 గంటలకు 3." ఈ ఒక్క లైనులో డాక్టరుకు కావలసినవన్నీ ఉన్నాయి. మందు పనిచేస్తోంది, కానీ తర్వాతి డోసు వేసేలోపే నొప్పి ఎనిమిదికి చేరుతోంది. "రాత్రంతా ఏడ్చాడండీ" అంటే పాపం అంటారు. ఈ పేజీ చూపిస్తే డోసు మారుస్తారు.

మందు అన్నాను, అది మార్ఫిన్. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల నొప్పికి రెండే మెట్లు పెట్టింది (ఆ మార్గదర్శకాన్ని 2019లో వెనక్కి తీసుకుంది). తక్కువ నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రోఫెన్. అంతకు మించితే మార్ఫిన్. మధ్యలో వాడే కోడీన్‌ను తీసేశారు. అది ఒంట్లోకి వెళ్లాక మార్ఫిన్‌గా మారి పనిచేస్తుంది. కొందరు పిల్లల్లో ఆ మార్పు దాదాపు జరగదు, కొందరిలో ప్రమాదకరంగా ఎక్కువ జరుగుతుంది. మార్ఫిన్ సందు చివరి మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఆసుపత్రులకు లైసెన్సుల మీద లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014 సవరణతో గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఒకే అనుమతితో దాన్ని ఉంచుకోవచ్చు. మీ జిల్లా ఆసుపత్రికి ఆ గుర్తింపు ఉందో లేదో అడగండి. లేకపోతే తెచ్చుకోమని కూడా అడగండి, అడిగేవాళ్లు లేకే అది రావడం లేదు.

ఇంటికి తెచ్చుకున్నాక ఇవి పాటించండి. ప్రిస్క్రిప్షన్, బిల్లు మందు డబ్బాతోనే ఉండాలి, రైల్లో రాష్ట్రం దాటేటప్పుడు మరీనూ. తాళం వేసిన పెట్టెలో పెట్టండి. డాక్టరు రాసిన వేళకు ఇవ్వండి, ఏడ్చేదాకా ఆగకండి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, దానికి మందు మొదటిరోజే అడగండి. పిల్లాడు పిలిచినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. "అలవాటు పడిపోతాడేమో" అని అమ్మమ్మలు టెన్షన్ పడతారు. నొప్పికి సరైన డోసులో ఇస్తే ఆ భయం అక్కర్లేదు, కానీ ఉన్నపళంగా ఆపకూడదు. మిగిలిన మాత్రలు ఎవరికీ ఇవ్వకండి, ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు అందరూ అడిగే డబ్బు. కాలిఫోర్నియాలో మీ మావయ్య ఉన్నాడనుకుందాం. ఆయన చేతిలో ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లయితే చట్టం వాళ్లను విదేశీయులుగానే చూస్తుంది. బంధువులైతే ఏడాదికి 10 లక్షల దాకా ప్రభుత్వానికి తెలపక్కర్లేదని 2022లో నిబంధన మార్చారు. ముక్కూమొహం తెలియని విదేశీ సంస్థ ఇస్తానంటే మాత్రం, ఆ డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న భారతీయ సంస్థకు, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. 2020 తర్వాత ఒక సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ కూడా చేయకూడదు. కాబట్టి "ముందు ఐదువేలు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి, లండన్ నుంచి లక్షలొస్తాయి" అనేవాడు దొంగే. వాడికి బిడ్డ ఫొటో, ఆధార్ కాపీ పంపకండి.

ఎవరో ఫారిన్ నుంచి మందులు బ్యాగులో వేసుకొస్తామంటే కూడా ఆగండి. సొంత వాడకానికి తెప్పించుకునే మందులకు ఫారం 12ఎ దరఖాస్తు, 12బి అనుమతి ఉంటాయి. మార్ఫిన్ లాంటివి మాత్రం ఎవరిచేతా తెప్పించకండి. అరుదైన జన్యు జబ్బులకైతే హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ అనే జన్యు పరీక్షల సంస్థ కేంద్ర ప్రభుత్వ పథకంలో ఉన్నాయి, దారి అక్కడ అడగండి. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా పిల్లలకు వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ హీమోఫీలియా అనే సంస్థ, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ మందును ఉచితంగా పంపుతుంది. దాన్ని ఇక్కడి హీమోఫీలియా సొసైటీల ద్వారా కనుక్కోవాలి.

హైదరాబాద్ వెళ్లక తప్పకపోతే రాయగడ నుంచి నాగావళి ఎక్స్‌ప్రెస్ నేరుగా హైదరాబాద్ వైపు పోతుంది, కాకపోతే వారంలో కొన్ని రోజులే. ఫోనులో తేలే పనికి జబ్బు పిల్లాణ్ణి అంత దూరం కుదపకండి.

ఇక మా నర్సులకు, ఆశా అమ్మాయిలకు. విదేశీ ప్రాజెక్టు డబ్బు ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది. మహారాష్ట్రలో 2010లో మొదలైన పిల్లల పాలియేటివ్ కేర్ ప్రాజెక్టుకు బ్రిటన్ ప్రభుత్వ నిధులు వచ్చాయి, టాటా మెమోరియల్ వాళ్లు కలిశారు. నిధుల గడువు తీరినా నేర్చుకున్నవాళ్ల చేతిలో పని ఉంటుంది. అందుకే మీరు నేర్చుకోండి. 2005లో ఏర్పడిన ఐసీపీసీఎన్ అనే అంతర్జాతీయ పిల్లల పాలియేటివ్ నెట్‌వర్కు ఆన్‌లైన్‌లో ఉచితంగా కోర్సులు పెడుతుంది. నొప్పి కొలవడం, పిల్లలతో జబ్బు గురించి మాట్లాడటం, ఆటతో ఊరట, అన్నీ ఉంటాయి. తిరువనంతపురంలోని పాలియం ఇండియా కూడా నర్సులకు శిక్షణ ఇస్తుంది. ఇంగ్లీషు అంటే జంకకండి. ముందు నొప్పి పాఠం తీసుకోండి, అది అయ్యాక మీ వార్డులో ఒక బిడ్డకు ఫ్లాక్ పుస్తకం మొదలుపెట్టండి. కోర్సులో మిగతాది నైట్ డ్యూటీల్లో చూసుకోవచ్చు, వీడియోలు మాత్రం వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.