నిలిపి ఉంచిన ట్రాక్టర్‌లో బ్యాటరీ దిగిపోతుంటే

రెండు రోజులు పని లేక నిలిపితే చాలు, మా పాత ట్రాక్టర్ సెల్ఫ్ తిరిగేది కాదు. బ్యాటరీ కొత్తదే. ఛార్జి చేసి విడిగా పెడితే 12.6 వోల్టులు అలాగే నిలిచింది. అంటే కరెంటు బండిలోనే ఎక్కడో కారిపోతోంది.

తాళంచెవి తీసేసి, నెగటివ్ తీగను బ్యాటరీ నుంచి విప్పి, ఆ తీగకూ బ్యాటరీ టెర్మినల్‌కూ మధ్య కరెంటు కొలిచే మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల స్కేలులో పెట్టాను. (అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటరులో ఫ్యూజు పోతుంది.) ఒక్క దీపమూ వెలగకపోయినా దాదాపు రెండు ఆంపియర్లు! ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీసినా అంకె కదలలేదు. అప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) మీద చెయ్యి వేశాను. ఇంజిన్ ఆపి రాత్రంతా గడిచినా గోరువెచ్చగా ఉంది. మీటరు తీసి, ఆల్టర్నేటర్ వెనక లావు తీగ విప్పి, కొనకు టేపు చుట్టి మళ్లీ చూస్తే సున్నా.

ఆల్టర్నేటర్ లోపల డయోడ్లు ఉంటాయి. డయోడ్ కరెంటును ఒకే దిక్కుకు పోనివ్వాలి. విప్పి పరీక్షిస్తే పాజిటివ్ వైపు ఒకటి, నెగటివ్ వైపు ఒకటి వెనక్కీ వదులుతున్నాయి. ఆల్టర్నేటర్ మొత్తం మార్చమనేవాళ్లే ఎక్కువ, కానీ ఆ అవసరం లేదు. డయోడ్లు బిగించి ఉండే ప్లేటు ఒక్కటే మార్పించాను. ఇప్పుడు ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు వస్తున్నాయి, ఆపితే మీటరులో సున్నా.