చివరి రోజుల్లో ఉన్న పిల్లిని ఎలా చూసుకోవాలి

మా సున్నికి 14 ఏళ్ళప్పుడు కిడ్నీలు పాడయ్యాయి, ముసలి పిల్లులకి ఎక్కువగా వచ్చే జబ్బే ఇది. సెలైన్ ఎక్కిస్తూ కొన్నాళ్ళు లాక్కొచ్చాం, తర్వాత ఒక రోజు వెట్ (పశువుల డాక్టర్) ఇంక మందులతో తిరగదమ్మా, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా చూసుకోండి అన్నారు. ప్రశాంతంగా అంటే ఏం చెయ్యాలో అప్పుడు నాకు తెలీలేదు, చేస్తూ చేస్తూ నేర్చుకున్నవి ఇవి.

బాలేని పిల్లి దాక్కుంటుంది, మంచం కిందో బీరువా వెనకో. బయటికి లాగి ఒళ్ళో పెట్టుకోవాలని మనకి ప్రాణం కొట్టుకుంటుంది కానీ వద్దు, అదెక్కడుంటే అక్కడికే అన్నీ చేర్చండి. సున్ని బట్టల అల్మారా కింది అర ఎంచుకుంది, అందులోనే అమ్మ పాత నేతచీర నాలుగు మడతలేసి పరిచా, మూరెడు దూరంలో నీళ్ళ గిన్నె, కాస్త అవతల లిట్టర్ ట్రే, అంటే అది ఉచ్చకీ దొడ్డికీ వెళ్ళే ఇసుక పళ్ళెం. ట్రే అంచు ఎత్తుగా ఉంటే కాళ్ళెత్తలేదు, అందుకని ఒక అట్టపెట్టెకి ఒక వైపు రెండంగుళాలే వదిలి కోసేసి, లోపల పాలిథిన్ కవరేసి ఇసుక పోశా. ఒళ్ళు చల్లబడుతుంటుంది కాబట్టి గోరువెచ్చటి నీళ్ళ సీసా టవల్లో చుట్టి పెట్టండి, అదీ ఒక పక్కనే, వేడనిపిస్తే జరగడానికి చోటుండాలి.

తిండి విషయంలోనే మనం ఎక్కువ ఏడుస్తాం. పిల్లికి ఆకలి పుట్టించేది వాసన, ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెడితే ముట్టదు, కాస్త వెచ్చబెట్టాలి. నేను నెత్తళ్ళు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించి (ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం) ఆ నీళ్ళు వేలికి రాసి మూతి దగ్గర పెట్టా. మూడుసార్లు నాకింది, గరుకు నాలుక, తర్వాత మొహం తిప్పేసుకుంది. ఆ రోజుకి అదే భోజనం. సిరంజితో గొంతులో బలవంతంగా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా నరకం. ఊరికే పెదాలు నాక్కుంటూ చొంగ కారుస్తుంటే వికారం అన్నమాట, దానికి మందుంది, వెట్‌ని అడగండి.

తన ఒళ్ళు తను నాక్కోలేకపోవడం పిల్లికి చాలా కష్టం. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి పిండి కళ్ళ పుసులు, మూతి, తోక కింద మెల్లగా తుడవండి. స్నానం మాత్రం వద్దు.

గురగురమంటోంది కదా బానే ఉంది అనుకోకండి, నొప్పిలో కూడా పిల్లులు గురగురమంటాయి. మూలుగుతూ ముడుచుకు కూర్చోవడం, ముట్టుకుంటే కసిరేయడం ఉంటే నొప్పి మందు కావాలి, అది వెట్ ఇచ్చిందే, మన ఇంట్లో ఉండే పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది. నిద్రలో ఊపిరి నిమిషానికి 30 దాటుతున్నా ఫోన్ చెయ్యండి, నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగొద్దు.

ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చడం, అంటే బాధ లేకుండా ప్రాణం పోయేలా చెయ్యడం, గురించి మన ఇళ్ళల్లో పాపం అంటారు, నేనూ అలాగే అనుకున్నా. కానీ రోజూ క్యాలెండర్ మీద మంచి రోజుకి టిక్కు, చెడ్డ రోజుకి ఇంటూ పెడుతూ వచ్చా, ఇంటూలు వరసగా పడ్డాక నేను ఆపుతోంది దాని కోసమా నా కోసమా అనిపించింది. ముందు మత్తిచ్చి తర్వాత రెండో ఇంజెక్షన్ ఇచ్చారు, నా చెయ్యి దాని చెవుల మధ్యే ఉంది, నొప్పి లేదు.

ఒకటి ముందే తెలుసుకోండి, పోయాక కూడా కళ్ళు తెరుచుకునే ఉంటాయి, ఒళ్ళు ఒకసారి అదరొచ్చు, ఉచ్చ కారొచ్చు, భయపడకండి. కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది కాబట్టి ముందే కాళ్ళు ముడిచి పడుకున్నట్టు సర్ది గుడ్డలో చుట్టండి. పాతిపెడితే మూడడుగుల లోతు తవ్వండి, లేకపోతే కుక్కలు తీస్తాయి. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే చుట్టేముందు దాన్నీ రానివ్వండి. మా రెండోది వచ్చి సున్ని చెవి వాసన చూసి, కాసేపు ఆ చీర అంచు మీదే కూర్చుని వెళ్ళింది.