బ్యాచ్ మారగానే క్యాంపస్ షాపు మళ్ళీ మొదటికొచ్చేస్తోందా?

విజయనగరం సైడు కాలేజీల్లో స్టూడెంట్సే టీ స్టాల్, జిరాక్స్, స్టేషనరీ లాంటివి నడుపుకుంటున్నవాళ్ళ కోసం ఇది.

సమస్య: దసరా అయ్యాక మంగళవారం పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం, ముందురోజు జాతరలో భాగమైన తొలేళ్లు, ఆ రెండ్రోజులూ హాస్టల్ వాళ్ళు టౌన్లోనే ఉంటారని ఊరంతటికీ తెలుసు, అయినా ప్రతి ఏడూ కొత్త బ్యాచ్ మామూలుగానే పాలూ బన్నులూ ఆర్డర్ పెట్టేసి మిగిలినవి పారబోస్తారు.

కారణం: కొత్తోళ్ళకి తెలివి లేక కాదు. పోయినేడు దెబ్బతిన్న సీనియర్ వైవా అవ్వగానే బ్యాగ్ సర్దేశాడు, ఆ లెక్క ఆడి బుర్రతో పాటే వెళ్ళిపోయింది. బయట షాపుల్లో ఒకరిద్దరు పాతోళ్ళు ఎప్పుడూ ఉంటారు, మన దగ్గర మూడు నాలుగేళ్ళలో మొత్తం టీమే మారిపోద్ది. అలాగని మారడమే రోగం కాదు, అమెరికాలో జార్జిటౌన్ యూనివర్సిటీ పిల్లలు 1972లో పెట్టిన 'ది కార్ప్' అనే క్యాంపస్ షాపుల సంస్థని ఇప్పటికీ స్టూడెంట్సే నడుపుతున్నారు.

పరిష్కారం: హ్యాండోవర్ అంటే ఆఖరి రోజు సమోసా మీటింగ్ కాదు. సంక్రాంతి సెలవులయ్యాక జూనియర్ని కౌంటర్లో కూర్చోబెట్టి ఆర్డర్ ఆడితోనే పెట్టించండి, సీనియర్ పక్కనుండి ఎందుకు తప్పో చెప్పాలి. పాలాయనతో బేరం ఎలా ఆడాలో, ఎవరికి ఖాతా రాయకూడదో నోట్సులో రాస్తే రాదు, పక్కన నిలబడి చూస్తేనే వస్తది.

సమస్య: సీనియర్లు రాసిపెట్టిన రూల్స్ ఫైల్ ఉంది, ఎవడూ తెరవడు. అందులో "బన్నులు తగ్గించాలి" అని ఉంటది, ఎప్పుడో ఎందుకో ఉండదు, మరేటి చదువుతారు? ప్రతి రూలు పక్కన తేదీ, కారణం రాయండి. కారణం పోయిన రోజు రూలు కొట్టేయొచ్చు.

సమస్య: క్యూఆర్ కోడ్ వెళ్ళిపోయిన సీనియర్ సొంత నంబర్ మీదే ఉంది. షాపు పేరున అకౌంట్ తెరవండి, ఒక ఫ్యాకల్టీ సంతకం పెట్టించుకోండి, అయిపోయింది.

సమస్య: సరిచేస్తూనే ఉన్నా అదే తప్పు. ఆదివారం పాలు మిగులుతున్నాయని లీటరు లీటరు తగ్గించుకుంటూ పోతారు గానీ అసలు ఆదివారం షాపు తెరవాలా అని ఎవరూ అడగరు. క్రిస్ ఆర్గిరిస్ అనే ప్రొఫెసర్ 1977లోనే దీని గురించి రాశాడు: థర్మోస్టాట్ గది చల్లబడితే హీటర్ వేస్తది, కానీ ఆ సెట్టింగే ఎందుకుందో అడగదు. అలా అడగడాన్నే ఆయన డబుల్ లూప్ లెర్నింగ్ అన్నాడు. నెలకోసారి కూర్చుని ఏదో ఒక రూలు మీద ఈ ప్రశ్న వేయండి, అదీ కొత్తోళ్ళతోనే వేయించండి, పాతోళ్ళకి అలవాటైపోయి కనబడదు. కొత్తోడు అడిగినప్పుడు "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తన్నాం" అని మాత్రం అనకండి, మరుసటి నెల ఆడు మీటింగుకే రాడు.